ముడి పూర్తయ్యేదాకా మాట్లాడకు

చిన్నీ,

మీ అమ్మ రెండు రోజులుగా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. నువ్వు డిసెంబరులో ముగ్గురు ఫ్రెండ్స్‌తో కర్ణాటకలోని బాదామి వెళ్తున్నావనీ, అక్కడి కొండల మీద తాడు తీసుకుని నువ్వే ముందు ఎక్కుతావనీ తెలిసిన దగ్గర్నుంచి ఇదే వరస. "ఆరేళ్ల పిల్లని ఖాజాగూడ బండల మీదికి ఎక్కించింది నువ్వే, ఇప్పుడు నువ్వే ఆపు" అంది. ఆపనని చెప్పాను. చెప్పానే గానీ, ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. సంతోషమూ భయమూ ఒకేసారి వస్తే అరవై రెండేళ్ల మనిషికి నిద్ర ఎక్కడ పడుతుంది? పొద్దున్నే అటక మీద పెట్టె దింపించి, నా పాత తాడు ఒళ్లో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటావు, ఒక్కటీ చెవికెక్కించుకోవు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. హెల్మెట్ పెట్టుకో. ఎక్కేటప్పుడే కాదు, కింద తాడు పట్టుకుని నిలబడినప్పుడు కూడా. గోళ్లు కత్తిరించుకో. నీళ్లు ఎక్కువే మోసుకెళ్లండి. ఎండెక్కితే చేతులు చెమటలు పట్టి జారతాయి, కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టి, ఎండ ముదిరేలోగా నీడకి చేరండి. తాడు రెండో కొసకి ముడి వెయ్యకుండా ఎవరినీ పైకి పంపకండి. దించుతుండగా తాడు అయిపోయి, కింద మనిషి తాడు పట్టి ఆపే బిలే పరికరంలోంచి కొస జారిపోయి పడ్డవాళ్లు చాలామంది ఉన్నారు. తాడుని తనంతట తనే బిగించే గ్రిగ్రీ ఉంది కదా అని తాడు కింది కొసను పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ వదలొద్దు. పైన యాంకర్ దగ్గర, అంటే తాడుకి ఆధారంగా రాతికి బిగించిన చోట, తాడు విప్పి మళ్లీ కట్టుకోవడం నీకు జిమ్‌లో నేర్పి ఉండరు. అది తెలిసినవాళ్ల పక్కన నేల మీద పదిసార్లు చేసి చూపించాకే పైకి వెళ్లు. ఈ ఒక్క మాటకి బేరం లేదు.

ఉంగరం తీసెయ్యి. ఉంగరం రాతి పగుల్లో ఇరుక్కుని ఒంటి బరువంతా దాని మీద పడితే వేలే ఊడి వస్తుంది. పెళ్లయిన కొత్తలో నేను గాజులతోనే ఎక్కేదాన్ని, తీస్తే ఇంట్లో ఏమంటారోనని. ఒక ఆదివారం ముంజేతి నిండా గాజు ముక్కలు గుచ్చుకుని ఇంటికొచ్చాను. మా అత్తగారు ఏమీ అనలేదు. దీపం దగ్గర కూర్చోబెట్టి ఒక్కొక్క ముక్కా తీసింది. మరుసటి ఆదివారం నేను బయల్దేరేసరికి చేతిరుమాలు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. గాజులు తనే తీసి, అందులో మూటకట్టి, "సాయంత్రం వచ్చి నా చేతుల్తోనే వేయించుకో" అంది. అలా పదకొండేళ్లు. కొండ దిగానంటే ముందు ఆమె దగ్గరికే వెళ్లేదాన్ని.

ఇక రాయి సంగతి. నువ్వు చిన్నప్పుడు పాకిన హైదరాబాద్ బండలు గ్రానైట్, సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. హిమాలయాలు వాటి ముందు పసిపిల్లలు. వాటి మీద పట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. పాదం ఆనించి, బరువంతా కాళ్ల మీద వేసి, నమ్మి నిలబడాలి. బాదామిది ఎర్ర ఇసుకరాయి. నిటారుగా ఉంటుంది, అరలూ అంచులూ ఉంటాయి, వేళ్లు దూరతాయి. చేతులకి పట్టు దొరుకుతుంది కదా అని కాళ్లని మర్చిపోతావు, జిమ్ పిల్లలందరూ చేసే పని అదే. జిమ్ గోడ మీద పట్టుల రంగు చూసి ఎక్కుతారు. ఇక్కడ ఏ రంగూ ఉండదు, తాడు తగిలించడానికి రాతిలో దింపిన బోల్టుకీ బోల్టుకీ మధ్య దూరం కూడా ఎక్కువే. మొదటి రోజు నీకు వచ్చిన దానికన్నా రెండు గ్రేడులు, అంటే కష్టంలో రెండు మెట్లు, తక్కువది ఎక్కు. ఫోటోలో గ్రేడు కనబడదు.

ఇసుకరాయి తడిస్తే బలం తగ్గిపోతుంది. పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల తేమ ఉంటుంది, పట్టుకున్న అంచు విరిగి చేతిలోకి వస్తుంది. గ్రానైట్ ఆరగానే ఎక్కేసే అలవాటు మనది, అక్కడ అది పనికిరాదు. వాన పడితే కనీసం రెండు రోజులు ఆగండి. ఆ రెండు రోజులూ గుహాలయాలు చూడండి. మూడో గుహలో క్రీ.శ. 578 నాటి చాళుక్య మంగళేశుడి శాసనం ఉంది. మన వేంగిని ఏలిన కుబ్జ విష్ణువర్ధనుడు ఆ ఇంటి పిల్లవాడే, రెండో పులకేశి తమ్ముడు. అంటే నువ్వు వెళ్లేది మరీ పరాయి ఊరేం కాదు.

కోతులు జాగ్రత్త. 1994లో నేను బూట్లు మార్చుకుంటుంటే ఒక కోతి నా ఎడమ బూటు ఎత్తుకుపోయి, నేను ఎక్కాల్సిన గోడ పైనే కూర్చుంది. నేను మూడు రోజులు ప్రాక్టీస్ చేసినా దాటలేకపోయిన చోటుని అది ఒక చేత్తో బూటు పట్టుకుని దాటింది. కింద మేకలు కాసే పిల్లాడు నవ్వీ నవ్వీ కూలబడ్డాడు. చివరికి వాడే నా దగ్గర వేరుశెనగలు తీసుకుని బేరం పెట్టాడు. అది శెనగలు పుచ్చుకుని బూటు కిందికి విసిరింది. ఆ కోతి కాళ్లు ఎక్కడ పెట్టిందో నేను చూశాను. మర్నాడు సరిగ్గా అక్కడే పెట్టి దాటాను.

తేనెటీగల గురించి మాత్రం నవ్వులాట లేదు. ఎక్కే ముందు కింద నిలబడి గోడంతా కళ్లతో వెతుకు. చూరు కింద నల్లగా పలకలా వేలాడేది కనబడితే ఆ వైపుకే వెళ్లొద్దు. సెంటు కొట్టుకోకు, కింద పొగ పెట్టనివ్వకు.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి తెలియదు. మీ అమ్మమ్మ కూడా ఇది తెలియకుండానే వెళ్లిపోయింది. చదివాక నీ దగ్గరే ఉంచుకో.

1985 నవంబరు, భువనగిరి. మేం ఎనిమిది మందిమి, నడుముకీ తొడలకీ కట్టుకునే హార్నెస్ ఒక్కటే. ఢిల్లీ వెళ్లినవాళ్లెవరో తెచ్చింది. ఒకరు దిగి విప్పితే ఇంకొకరు కట్టుకోవాలి, మిగతా వాళ్లు "తొందరగా, తొందరగా" అంటూనే ఉంటారు. అరవై అడుగుల ఏటవాలు బండ. తాడు పైన కట్టిన కారబినర్ కొక్కెంలోంచి తిరిగి కిందికి వస్తుంది. ఒక కొస నాకు, రెండో వైపు తాడు నడుము చుట్టూ వేసుకుని కింద నిలబడ్డ కుర్రాడి చేతిలో.

ఫిగర్ ఎయిట్ ఎలా వేస్తామో నీకు తెలుసు. ముందు తాడు మీద ఒక ఎనిమిది. తర్వాత కొసని హార్నెస్‌లోంచి దూర్చి, ఆ ఎనిమిది వెంటే వెనక్కి నడిపిస్తాం. నేను ఎనిమిది వేశాను. కొస దూర్చాను. సరిగ్గా అప్పుడు వెనక నుంచి ఎవరో "పులిహోర డబ్బా ఎక్కడ?" అని అడిగారు. అది మీ అమ్మమ్మ చేసిన పులిహోర. వెనక్కి తిరిగి ఏ సంచిలో ఉందో చెప్పాను. ఎనిమిది మందికి సరిపోవాలని చెప్పాను. పల్లీలు ఏరుకుని తినొద్దని కూడా చెప్పాను. మళ్లీ బండ వైపు తిరిగేసరికి చేతులు ఖాళీగా ఉన్నాయి. ఖాళీగా ఉన్నాయి కాబట్టి పని అయిపోయిందనుకుని ఎక్కడం మొదలుపెట్టాను.

తాడు మీద ఆ ఎనిమిది గుండ్రంగా, చక్కగా ఉంది. చూసేవాళ్లకి ముడి వేసినట్టే ఉంటుంది. కుర్తా అంచు కొసని కప్పేసింది. ఏటవాలు బండ కాబట్టి తాడు మీద బరువు పడలేదు. పైగా తాడు బిగిస్తే బ్యాలెన్స్ పోతోందని "వదులుగా ఉంచు, వదులుగా ఉంచు" అని కింద కుర్రాణ్ణి సతాయించాను. ఆ వదులే నన్ను బతికించింది. అతను మామూలుగా లాగి ఉంటే సగం దారిలోనే తాడు ఊడి వెళ్లిపోయేది.

పైకి చేరాను. ఇక వెనక్కి వాలి కూర్చుంటే కిందికి దించుతారు. కింద నుంచి అందరూ "కూర్చో, కూర్చో" అని అరుస్తున్నారు. కూర్చోబోయాను. బండ పక్కనే ఒక తాటిచెట్టు. దాని మీద, సరిగ్గా నా ఎత్తులో, కల్లు గీసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో ఏమో, అక్కడి నుంచే అడిగాడు.

"ఓ బిడ్డా, ఆ తాడు నిన్ను పట్టుకున్నదా, నువ్వే దాన్ని పట్టుకున్నవా?"

చూపిద్దామని కుర్తా అంచు పక్కకి తీశాను. హార్నెస్‌లోంచి జానెడు కొస వేలాడుతోంది. దానికి ఏ ముడీ లేదు.

"లాగొద్దు!" అని అరిచాను. ఇక్కడ జాగ్రత్తగా చదువు. గాలి వీస్తోంది. మన మాటల్లో వద్దనేది చివర్లో వస్తుంది, ఆ చివరనే గాలి ఎత్తుకుపోతుంది. కింద కుర్రాడికి "లాగు" అని మాత్రమే వినబడింది. అతను లాగాడు. జానెడు కొస బెత్తెడయింది. చెట్టు మీది పెద్దాయన ఒకే ఒక్క కేక వేశాడు, "ఆగు!" అని. రోజూ అంత ఎత్తు నుంచి కింది వాళ్లతో మాట్లాడే గొంతు అది. కుర్రాడి చేతులు ఆగిపోయాయి.

నుదురు బండకి ఆనించి, రెండు కాళ్ల మీద నిలబడి, తాడు కొంచెం కిందికి గుంజుకుని, రెండు చేతులతో ముడి పూర్తిచేశాను. పిక్కలు కుట్టుమిషన్ సూదిలా ఆడుతున్నాయి. "నిదానం బిడ్డా, బండ యాడికి పోదు" అంటూనే ఉన్నాడు ఆయన. కిందికి వచ్చాక ఆయనా చెట్టు దిగి వచ్చాడు. చెట్టు ఎక్కేటప్పుడు వేసుకునే తాడు, తన మోకు, నా చేతికిచ్చి తడిమి చూడమన్నాడు. "ఎక్కే ముందు రోజూ ఇట్ల చూస్తా. చూసేటప్పుడు ఎవ్వలతోని మాట్లాడ. దొర వచ్చినా మాట్లాడ" అన్నాడు. తాటాకు రేకలో కల్లు పోసి ఇచ్చాడు, తాగాను. నా వంతు పులిహోర ఆయనకి పెట్టాను.

ఆయన పేరు అడగలేదు. ఆ తప్పు నన్ను ఇప్పటికీ తొలుస్తుంది. 2024లో గీత కార్మికులకి కాటమయ్య రక్షణ కవచం అని తాళ్లు, బెల్టు ఉన్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. పేపర్లో ఆ వార్త చూసి చాలాసేపు ఏడ్చాను. సరదాకి ఎక్కే నాకు అప్పుడే హార్నెస్ ఉంది, పొట్టకూటికి ఎక్కే ఆయనకి ఒక్క మోకే.

కొత్తవాళ్లకే ఇలా జరుగుతుందనుకోకు. లిన్ హిల్ పేరు నీకు తెలుసు, 1993లో అమెరికాలోని ఎల్ క్యాపిటన్ కొండ మీద నోస్ అనే దారిని తాడు మీద బరువు వెయ్యకుండా మొట్టమొదట ఎక్కిన మనిషి. అంతకు నాలుగేళ్ల ముందు, 1989లో, ఫ్రాన్స్‌లోని బ్యూక్స్‌లో ఆవిడ ఇలాగే ముడి పూర్తిచెయ్యకుండా ఎక్కింది. పైన వెనక్కి వాలింది. డెబ్బై అడుగులకి పైగా పడి, చెట్టు కొమ్మలు అడ్డురావడం వల్ల బతికింది. ఆవిడకి కింద చెట్టు ఉంది, నాకు చెట్టు మీద మనిషి ఉన్నాడు. నీకు ఏమీ అవసరం రాకూడదు.

అందుకని చెబుతున్నాను. ముడి చేతిలో ఉండగా నీతో ఎవరూ మాట్లాడకూడదు, నువ్వూ మాట్లాడకూడదు. ఎవరైనా పలకరిస్తే ముడి మొత్తం విప్పి మళ్లీ మొదటి నుంచి వెయ్యి. వేశాక నీ తాడు పట్టుకునే మనిషి చూస్తే చాలదు, వేళ్లతో ముట్టుకుని చూడాలి. కేకల్లో "వద్దు" అనే మాటే వాడకండి. టేక్ అంటే బిగించు, స్లాక్ అంటే వదులు చెయ్యి, ఆగు, అంతే. ప్రతి కేకకీ ముందు మనిషి పేరు పిలవండి. పక్క గోడ మీద ఇంకో జట్టు ఉంటే వాళ్ల టేక్ విని మీవాళ్లు లాగకూడదు.

ఆ రోజు కింద తాడు పట్టుకున్న కుర్రాడే మీ పెదనాన్న. ఇన్నేళ్ల కాపురంలో నేను ఏది వద్దన్నా, "వద్దంటున్నావా, ఇంకోసారి చెప్పు" అని అడిగి మరీ ఆగుతాడు. అదెందుకో మీ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇప్పుడు నీకు తెలిసింది.

నేను నేర్చుకున్న ఖాజాగూడ బండని పేల్చి కంకర చేశారు. భువనగిరి బండ మాత్రం అలాగే ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ ఆ బండ మీదే శిక్షణ మొదలుపెట్టి, 2014 మే 25న, పధ్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఆ రోజు టీవీ ముందు నేను లేచి నిలబడ్డాను. నువ్వు బాదామి వెళ్తున్నావని విన్నప్పుడు కూడా కుర్చీలోంచి లేచాను. మీ అమ్మకి చెప్పకు.

భయమేస్తే దిగిపో. పోయిన డబ్బుల గురించి, ఫ్రెండ్స్ ఏమనుకుంటారోనని ఆలోచించకు.

దీంతో పాటు నా పాత తాడు ముక్క, రెండు బారలది, పంపుతున్నాను. నైలాన్ తాడు ఇన్నేళ్లకి బలం పోతుంది, దాన్ని పొరపాటున కూడా ఎక్కడానికి వాడకు. ముడి వేసుకోవడానికి మాత్రమే. రోజూ రాత్రి అన్నం తిన్నాక కళ్లు మూసుకుని పదిసార్లు వెయ్యి. ఆదివారం వీడియో కాల్ చేస్తాను. నువ్వు ముడి వేస్తుంటే మధ్యలో కావాలనే పలకరిస్తాను, పులిహోర గురించి అడుగుతాను. జవాబు చెప్పావో, బాదామికి నేనూ వచ్చి నీ తాడు పట్టుకుని నిలబడతాను.

అక్కడ సాయంత్రం దిగాక ముందు మీ అమ్మకి ఫోన్ చెయ్యి. తర్వాత నాకు.

మీ పెద్దమ్మ