పేరుతో దొరక్కపోతే పుట్టిన తేదీతో వెతకండి

ప్రశ్న: మా తాతగారి తమ్ముడు అమెరికాలో స్థిరపడి, 1990ల్లో అక్కడే పోయారు. వంశవృక్షం కోసం ఆయన పోయిన తేదీ కావాలి. అక్కడి మరణాల డేటాబేస్‌లో పూర్తి పేరు కొడితే ఒక్క ఫలితమూ రావడం లేదు. ఎలా వెతకాలి?

జవాబు: అందుబాటులో ఉన్న పెద్దవాటిలో ఒకటి సోషల్ సెక్యూరిటీ డెత్ ఇండెక్స్, అంటే అమెరికా ప్రభుత్వ పింఛను పథకమైన సోషల్ సెక్యూరిటీ రికార్డుల్లోకి ఎక్కిన మరణాల జాబితా. వంశవృక్షాల కోసం ఉన్న ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో ఖాతా తెరిస్తే ఉచితంగా చూడొచ్చు. ఎక్కువగా 1962 నుంచి జరిగిన మరణాలు ఇందులో ఉంటాయి కాబట్టి మీవారి కాలం సరిపోతుంది. చిక్కల్లా పూర్తి పేరు కొట్టడంలోనే ఉంది.

మన పేర్లు ఆ ఫారాల్లో ఇమడవు. ఇంటిపేరు మొదటి పేరు గడిలోకి, అసలు పేరు చివరి పేరు గడిలోకి వెళ్లిపోతాయి. ఇంటిపేరు ఒట్టి ఇనీషియల్‌గా మిగలొచ్చు, పొడవాటి పేరు మధ్యలోనే తెగిపోవచ్చు. అందుకే రెండు గడుల్లో పేర్లు తారుమారు చేసి కూడా వెతకండి. ఇక ఇంగ్లిష్ స్పెల్లింగ్ సంగతి సరేసరి! 'మూర్తి'లో 'త'కి ఒకరు టీ రాస్తే, ఇంకొకరు పక్కన హెచ్ కూడా చేరుస్తారు. అనుమానం ఉన్న చోట నక్షత్రం గుర్తు పెట్టండి, అక్కడ ఎన్ని అక్షరాలున్నా పట్టుకుంటుంది. ఒకే అక్షరం తేడా అనుకుంటే ప్రశ్నార్థకం చాలు. అచ్చం అలాగే ఉన్న పేర్లే చూపించే 'ఎగ్జాక్ట్' టిక్ మాత్రం తీసేయండి.

అయినా దొరక్కపోతే పేరులో ఒక్క ముక్కే ఉంచి, పుట్టిన తేదీ ఇచ్చి చూడండి. నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. అయితే ఇంట్లో చెప్పుకునే పుట్టినరోజు కాదు, సర్టిఫికెట్‌లో ఉన్నది కావాలి. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన తేదీయే పాస్‌పోర్టులోకి, అక్కణ్నుంచి అమెరికా రికార్డుల్లోకి ఎక్కి ఉంటుంది.

ఇండెక్స్‌లో లేనంత మాత్రాన రికార్డే లేదనుకోవద్దు. సోషల్ సెక్యూరిటీ కార్యాలయానికి తెలియని మరణాలు ఇందులోకి రావు. పైగా 2011లో దాదాపు 42 లక్షల పేర్లను అందరూ చూసే ఈ జాబితా నుంచి తీసేశారు. అప్పుడు ఆయన పోయిన రాష్ట్ర ప్రభుత్వ మరణ రికార్డులే దిక్కు. ఇండెక్స్‌లో 'చివరి నివాసం' అని కనబడేది కూడా పోయిన ఊరే కానక్కర్లేదు.

మనిషి దొరికాక ఎస్ఎస్-5 అనే దరఖాస్తు కాపీ తెప్పించుకోండి. సోషల్ సెక్యూరిటీ నంబరు కోసం ఆయన నింపిన కాగితం అది. పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు అందులో ఉంటాయి. తల్లిదండ్రులు చనిపోయారనే ఆధారమో, వాళ్లు పుట్టి 120 ఏళ్లు దాటాయనే రుజువో లేకపోతే ఆ పేర్లను కొట్టేసి పంపుతారు. ఆధారాలేమైనా ఉంటే దరఖాస్తుతోనే జత చేయండి.

ప్రశ్న: ఒక సైట్ 'ఫ్రీ ట్రయల్' అంటూ కార్డు వివరాలు అడుగుతోంది. ఇవ్వొచ్చా?

జవాబు: ఈ ఇండెక్స్ ఒక్కటే కావాలంటే అవసరం లేదు. వేరే రికార్డుల కోసం తప్పదనుకుంటే, చేరిన రోజే ఆటో రెన్యువల్ ఆపేయండి. అలా ఆపినా గడువు తేదీ దాకా వాడుకోనిస్తారో లేదో షరతుల్లో ముందే చూసుకోండి.