హిమాలయాలు ఏ పక్కన కనిపిస్తాయి?

ప్రశ్న: నవంబరులో డార్జిలింగ్ వెళ్తున్నాం. హైదరాబాద్ నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి బాగ్‌డోగ్రా. ఎవరెస్ట్ చూడాలని మా అత్తయ్యగారి కోరిక. ఏ సీటు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఢిల్లీ నుంచి వెళ్లేటప్పుడు ఎడమ పక్క, అంటే ‘ఎ’ సీటు. తిరుగు ప్రయాణంలో కుడి పక్క ‘ఎఫ్’. విమానం తూర్పు ముఖంగా పోతుంది కాబట్టి ఉత్తరాన ఉన్న కొండలు ఎడమ చేతి వైపు వస్తాయి. సూర్యుడు దక్షిణం వైపు ఉండటంతో కళ్లలో ఎండ పడదు, మంచు మీద వెలుగు బాగా పడుతుంది.

మొదట ధవళగిరి, అన్నపూర్ణ కనిపిస్తాయి. ఎవరెస్ట్ వచ్చేది చివర్లో. దిగడానికి అరగంట ముందు నుంచి అత్తయ్యగారిని కునుకు తీయనివ్వకండి. చాలామంది ముందున్న పెద్ద తెల్లటి గోడనే ఎవరెస్ట్ అనుకుంటారు. అది నుప్త్సే–లోత్సే శిఖరాల వరుస. దాని వెనక నుంచి తొంగిచూసే నల్లటి ముక్కోణమే 8,848 మీటర్ల ఎవరెస్ట్. పైన గాలి బలంగా ఉన్న రోజు శిఖరం నుంచి మంచు పొగలా ఒక పక్కకి సాగుతుంది. దానికి కుడివైపు విడిగా నిలబడింది మకాలు. ఇంకా కుడికి, నాలుగైదు తలలతో వెడల్పుగా కనిపించేది కాంచన్‌జంగ.

వర్షాకాలం వెళ్లాక అక్టోబరు, నవంబరులే దీనికి మంచి నెలలు. ఉదయం విమానం ఎంచుకోండి, మధ్యాహ్నానికి కొండల మీద మబ్బు చేరుతుంది. హైదరాబాద్–ఢిల్లీ టికెట్‌లో కిటికీ కోసం అదనంగా కట్టకండి, ఆ డబ్బు రెండో విమానానికి ఉంచుకోండి. ఒకవేళ హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానమైతే కొండలు ముక్కుకి ఎదురుగా ఉంటాయి. పక్క కిటికీల్లోంచి అంతసేపు కనిపించవు.

ప్రశ్న: ఢిల్లీ–ఖాట్మండు విమానంలోనూ ఎవరెస్ట్ కనిపిస్తుందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: దాని మీద ఆశ పెట్టుకోకండి. ఎవరెస్ట్ ఖాట్మండుకి తూర్పున ఉంది, మీ విమానం పడమటి నుంచి వచ్చి ముందే దిగిపోతుంది. ఎడమ పక్కన అన్నపూర్ణ, మనస్లు మాత్రం చక్కగా కనిపిస్తాయి. ఖాట్మండు నుంచి భూటాన్‌లోని పారో వెళ్లే విమానంలో ఎడమ పక్క కూర్చుంటే ఎవరెస్ట్ దగ్గరగా చూడొచ్చు.

ప్రశ్న: కిటికీ సీటుకి డబ్బు కట్టాను, తీరా చూస్తే పక్కన గోడే! ఎందుకలా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఎయిర్‌బస్ ఎ320 లాంటి విమానాల్లో కిటికీల మధ్య దూరం సుమారు 21 అంగుళాలు, సీట్ల మధ్య 28 నుంచి 30. రెండు కొలతలూ కలవవు కాబట్టి కొన్ని వరుసల్లో కిటికీ భుజం వెనక్కి పోతుంది. బోయింగ్ 737లో ఇంకో చిక్కుంది. ఏసీ గాలి గొట్టం గోడలోంచి పైకి వెళ్లేచోట కిటికీయే ఉండదు. సాధారణంగా అది 10, 11 వరుసల దగ్గర.

ఎ320లో సుమారు 10 నుంచి 20వ వరుస దాకా కింద రెక్కే కనిపిస్తుంది. 3 నుంచి 7 మధ్య తీసుకోండి. బాగా వెనక వరుసల్లో రెక్క అడ్డు తగ్గుతుంది కానీ, ఇంజిన్ వేడిగాలి వల్ల దృశ్యం అలలు అలలుగా కదులుతుంది. కంటికి ఫర్వాలేదు, ఫొటో మాత్రం చెడుతుంది.

ఫొటో తీసేటప్పుడు ఫోన్‌ని అద్దానికి ఆనించకండి, అదురు వస్తుంది. వేలెడంత ఎడం ఉంచి, ముదురు రంగు చున్నీ అడ్డుపెడితే లోపలి లైట్ల నీడ పడదు. ఫ్లాష్ ఆపండి. కెమెరాకి పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) ఉంటే తీసేయండి. కిటికీ ప్లాస్టిక్ కాబట్టి ఆకాశమంతా ఇంద్రధనస్సు చారలు పడతాయి.