పరిశోధన సందేహాలు: అడిగితే వచ్చిన జవాబు, కూర్చుంటే కనిపించిన పని

ప్రశ్న: నేను సోషల్ వర్క్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఒక మండలంలోని పొదుపు సంఘాల మహిళలు అప్పులపై నిర్ణయాలు ఎలా తీసుకుంటారన్నది నా అంశం. ఇప్పటికి ఇరవై మందిని ఇంటర్వ్యూ చేశాను. దాదాపు అందరూ ‘సమావేశంలో అందరం మాట్లాడుకుని తీర్మానం చేస్తాం’ అనే చెప్పారు. కొత్త సమాచారం రావడం లేదు కాబట్టి ఇక ఆపేద్దామనుకుంటే, మా గైడు గారు సమావేశాలకు వెళ్లి కూర్చోమంటున్నారు. అది నిజంగా అవసరమా?
– పరిశోధక విద్యార్థిని, కరీంనగర్ జిల్లా

జవాబు: అవసరమే. ఇరవై మంది నోట ఒకే వాక్యం వచ్చిందంటే, అది బయటివారికి చెప్పడానికి అలవాటు పడిన జవాబు అయ్యే అవకాశమే ఎక్కువ. బ్యాంకు వాళ్లు, ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) సిబ్బంది, తనిఖీకి వచ్చినవారు ఏళ్ల తరబడి వారిని ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అనే పంచసూత్రాలు వారికి కంఠోపాఠం. చేతిలో ఫైలుతో వచ్చిన మిమ్మల్నీ వారు ఆ వరుసలోనే చేర్చి ఉంటారు. వారు అబద్ధమాడారని నేననడం లేదు. సంఘం ఎలా నడవాలో వారు చెప్పారు, ఎలా నడుస్తున్నదో మీరింకా అడగలేదు.

‘కొత్త సమాచారం రాకపోతే ఆపవచ్చు’ అన్న సూత్రాన్ని 1967లో సామాజిక శాస్త్రవేత్తలు గ్లేజర్, స్ట్రాస్ ప్రతిపాదించినప్పుడు, సేకరణా విశ్లేషణా పక్కపక్కనే సాగుతూ, ఒక భావన గురించి ఇక కొత్త కోణమేదీ బయటపడని దశను ఉద్దేశించారు తప్ప, జవాబులు ఒకేలా వినిపించడాన్ని కాదు. పన్నెండు ఇంటర్వ్యూలు చాలునని చాలామంది ఉదహరించే మాట 2006లో వెలువడిన, ఘనా, నైజీరియా మహిళలతో జరిపిన అధ్యయనం నుంచి వచ్చింది. ఒకే తరహా వ్యక్తులను, పరిమితమైన అంశం మీద, ఒకే ప్రశ్నలు అడిగినప్పటి ఫలితమది. దానిని అన్నిటికీ కొలబద్దగా వాడడం సరికాదు.

ముందు మీ ప్రశ్నను మార్చండి. ‘అప్పు ఎవరికివ్వాలో ఎలా నిర్ణయిస్తారు?’ అని అడిగితే నియమమే జవాబుగా వస్తుంది. ‘పోయిన నెల అప్పు ఎవరెవరు అడిగారు? ముందు ఎవరి పేరు వచ్చింది? దొరకని ఆమెకు ఏమని చెప్పారు?’ అని అడిగితే జరిగిన సంగతి వస్తుంది. అడిగాక కాసేపు మాట్లాడకుండా ఉండండి. (మన పరిశోధకుల్లో ఉపాధ్యాయులు ఎక్కువ కావడం వల్ల కాబోలు, జవాబు కాస్త ఆలస్యమైతే తామే అందించేస్తుంటారు.) సంఘం లీడరు ఇంటి అరుగు మీద కూర్చుని లీడరు గురించి అడిగితే ఎవరూ నోరు విప్పరన్నది కూడా గుర్తుంచుకోండి.

ఇక పరిశీలన విషయం. 1930ల చివర బోస్టన్ నగరంలోని నార్త్ ఎండ్‌లో ఇటాలియన్ కుటుంబాల నడుమ నివసిస్తూ అధ్యయనం చేసిన అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త విలియం ఫుట్ వైట్, ఒకసారి జూదం నడిపే వ్యక్తిని పోలీసులకు ముట్టే లంచం గురించి సూటిగా అడిగేసరికి ఆ సంభాషణ అక్కడే తెగిపోయింది. ఎవరు, ఎందుకు, ఎప్పుడు అని గుచ్చి గుచ్చి అడగవద్దని, నలుగురితో కలిసి తిరిగితే అడగకుండానే జవాబులు తెలుస్తాయని అక్కడి మిత్రుడు ఆయనకు హితవు చెప్పాడు. అడగాలని తనకు తోచని ప్రశ్నలకు కూడా అలా కూర్చుని విన్నందువల్లే జవాబులు దొరికాయని వైట్ తరువాత రాశారు. మీకూ అదే క్రమం మేలు: రెండు మూడు సమావేశాలు చూడండి, చూసిన దానిలోంచి ప్రశ్న తీయండి, అప్పుడు మళ్లీ ఇంటర్వ్యూకు వెళ్లండి.

చూసినదాన్ని ఎలా రాస్తారన్నదే అసలు పరీక్ష. ‘సభ్యులు చురుగ్గా పాల్గొన్నారు’ అని రాస్తే అది మీ అభిప్రాయం మాత్రమే. ‘వీవోఏ (గ్రామ సంఘం సహాయకురాలు) వచ్చేసరికే తీర్మానాల పుస్తకంలో పేర్లు రాసి ఉన్నాయి, పుస్తకం చేతులు మారుతుంటే అందరూ సంతకాలు పెట్టారు, గోడవారగా కూర్చున్న ఆమె అప్పు మాట ఎత్తబోయి, లీడరు వైపు చూసి ఆగింది’ అని రాస్తే అది సమాచారం. మీ ఊహలను మార్జిన్‌లో విడిగా రాసుకోండి. ఇటువంటి దృశ్యం నిజంగా ఎదురైతే, ‘అందరం మాట్లాడుకుంటాం’ అన్న మాటకూ దానికీ మధ్య ఉన్న దూరమే మీ సిద్ధాంత వ్యాసంలో ముఖ్యమైన అధ్యాయమవుతుంది.

అనుమతి లీడరు ఒక్కరిచ్చినది చాలదు. మీ రాతల వల్ల ఎవరికీ అప్పు రావడం గానీ ఆగడం గానీ ఉండదని సభ్యులందరికీ వివరించి, అందరి సమ్మతీ తీసుకోండి. వారి దృష్టిలో మీరెవరన్నది కూడా వ్యాసంలో రాయాలి. 1950ల తొలినాళ్లలో సామాజిక శాస్త్రవేత్త ఎస్.సి. దూబే నాయకత్వంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందం మన శామీర్‌పేటను అధ్యయనం చేసినప్పుడు అక్కడ సేవా కార్యక్రమం కూడా సాగింది. వైద్యం చేయడానికి వచ్చినవారికి ఊరు చెప్పేది ఒకటి, కేవలం అడగడానికి వచ్చినవారికి చెప్పేది ఇంకొకటి కావచ్చు.

ప్రశ్న: కొందరు రికార్డింగుకు ఒప్పుకోవడం లేదు. అప్పుడు ఏం చేయాలి?
– ఎం.ఫిల్. పూర్తి చేసిన పాఠకుడు, గుంటూరు

జవాబు: ఒప్పుకోకపోతే రికార్డు చేయకండి, చాటుగా చేయడం గురించి ఆలోచించనే వద్దు. ఎదుట ముక్తసరిగా పొడిమాటలు రాసుకుని, ఆ రాత్రి నిద్రపోయే ముందే పూర్తి పాఠం రాయండి. వారి సొంత మాటలను ఉద్ధరణ చిహ్నాల్లో ఉంచి, మీ మాటల్లో చెప్పినదాన్ని వేరుగా ఉంచండి. అసలు పేర్ల జాబితాను నోట్సుతో కలిపి ఉంచకండి. ప్రతులు కూడా ఒకేచోట ఉండకూడదు: మైసూరు ప్రాంతపు రాంపుర గ్రామంపై సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ సిద్ధం చేసుకున్న నోట్సు మూడు ప్రతులూ 1970లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌లో దుండగులు పెట్టిన మంటల్లో పోయాయి. ఆయన జ్ఞాపకం మీద ఆధారపడి పుస్తకం రాయగలిగారు గానీ, మీ పరీక్షకులు మీ జ్ఞాపకాన్ని ఆధారంగా అంగీకరించరు.