వైట్‌హార్స్ దగ్గర యూకాన్ వైల్డ్‌లైఫ్ ప్రిజర్వ్: నడవాలా, బస్సెక్కాలా?

"జూన్‌లో అమ్మానాన్నలతో వైట్‌హార్స్ (కెనడా వాయవ్య మూలనున్న యూకాన్ రాజధాని) వెళ్తున్నాం, చేతిలో ఒక్క పూటే ఉంది, అడవి జంతువులను పెద్ద ఆవరణల్లో ఉంచే ఆ ప్రిజర్వ్‌కి వెళ్ళొచ్చా, ఎలుగుబంట్లు కనిపిస్తాయా" అని అడిగారు కదా. తప్పకుండా వెళ్ళండి. కానీ ఎలుగుబంటి కోసమైతే వద్దు. మేం వెళ్ళిన రెండుసార్లూ అక్కడ ఎలుగుబంట్లు గానీ తోడేళ్ళు గానీ లేవు. ఉన్నవన్నీ ఆ ఉత్తరాది జంతువులే: మూస్ (జింక జాతుల్లో అన్నిటికంటే పెద్దది), కారిబూ (రెయిన్‌డీర్), వుడ్ బైసన్ (అడవి దున్నలాంటిది), మస్క్ ఆక్స్ (ఒళ్ళంతా పొడవాటి బొచ్చుండే, ఎద్దులాంటి జంతువు), కొండ మేకలు, డాల్ గొర్రెలు (తెల్లటి కొండ గొర్రెలు), లింక్స్ (ఒక రకం అడవి పిల్లి), ఆర్కిటిక్ నక్క. ఊరి నుంచి కారులో అరగంట దూరం, తఖీని హాట్ స్ప్రింగ్స్ రోడ్డు మీద ఉంటుంది.

లోపల సుమారు 5 కిలోమీటర్ల నడక దారి ఉంది. నడవలేనివాళ్ళకు గైడ్‌తో బస్సు టూర్ ఉంటుంది. మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు కాబట్టి మొదటిసారి అందరం బస్సే ఎక్కాం. ఆవిడ చాలా సంతోషపడ్డారు, గైడ్ కూడా బాగా చెప్పాడు. నాకు మాత్రం ఏ జంతువు దగ్గరా తనివితీరా నిలబడలేదనే అనిపించింది. అందుకే రెండేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళి నడిచాను. మీరైతే పెద్దవాళ్ళను బస్సెక్కించి, మీరు నడవండి. మూడు గంటలు పెట్టుకోండి.

ఆవరణలు చాలా పెద్దవి, చెట్లూ గుట్టలూ అన్నీ వాటిలోనే. జంతువు కంచె పక్కనే ఉండాలని లేదు. నేను నడిచిన రోజు మస్క్ ఆక్స్‌లు మొదట దూరంగా నల్లటి బండరాళ్ళలా కనిపించాయి. కదలకుండా నిలబడితే కాసేపటికి ఒకటి మేసుకుంటూ దగ్గరికొచ్చింది. జూన్ మొదట్లో వాటి లోపలి ఉన్ని ఊడుతూ ఉంటుంది. దాన్ని కివియట్ అంటారు, గొర్రె ఉన్ని కంటే చాలా వెచ్చన. వీపు మీద నుంచి ముద్దలు ముద్దలుగా వేలాడుతోంది, ఒక పోగు కంచె తీగకు చిక్కుకుని గాలికి ఊగుతోంది. ఊపిరి శబ్దం వినిపించేంత దగ్గరగా చూశాను. అలాస్కాలో ఈ జాతి పూర్తిగా తుడిచిపెట్టుకుపోతే 1930ల్లో గ్రీన్‌లాండ్ నుంచి తెచ్చి మళ్ళీ పెంచారు. వాటి సంతతే తర్వాత యూకాన్ ఉత్తర తీరానికి చేరింది. అది తెలిసి చూస్తుంటే కళ్ళు చెమర్చాయి. వుడ్ బైసన్ కథా ఇలాంటిదే, యూకాన్‌కి వాటిని 1980ల్లో మళ్ళీ తీసుకొచ్చారు.

కారిబూల దగ్గర మాటలాపి వినండి. అవి నడుస్తుంటే టిక్ టిక్‌మని శబ్దం వస్తుంది, పాదంలో స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటిది) ఎముక మీద జారడం వల్ల. ఆడవాటికి కూడా కొమ్ములుంటాయి, జింక జాతుల్లో ఇది అరుదు. జూన్‌లో మగ మూస్ కొమ్ములు ఇంకా పెరుగుతూ, మెత్తటి నూగు చర్మంతో ఉంటాయి. ఆర్కిటిక్ నక్క ఫోటోల్లోలా తెల్లగా ఉండదు, అప్పటికి గోధుమరంగులోకి మారుతూ ఉంటుంది. పిల్లలు కూడా వస్తుంటే వాళ్ళకు ముందే చెప్పండి, నిరాశపడకుండా.

లింక్స్ విషయంలో ఓపిక కావాలి. చాలామంది ఒక నిమిషం చూసి "ఏం లేదు" అని వెళ్ళిపోయారు. నేను ఇరవై నిమిషాలు కూర్చున్నాను. నేను అంతసేపూ చూస్తున్న పొద కిందే అది పడుకుని ఉందట. చెవి కదిపితే, చివరనున్న నల్లటి కుచ్చు వల్ల తెలిసింది. లేచి నాలుగడుగులు వేసింది. ఒంటికి మించిన పాదాలు! మంచులో దిగబడకుండా నడిచేది వాటితోనే.

బైనాక్యులర్స్, నీళ్ళు, దోమల మందు మర్చిపోకండి. జూన్‌లో అక్కడ దోమలు బాగా ఉంటాయి. బస్సు టూర్ వేళలు ముందే చూసుకుని, అమ్మానాన్నల టూర్ మొదలయ్యే ముందే మీరు నడక మొదలుపెడితే అందరూ ఇంచుమించు ఒకే టైముకి గేటు దగ్గర కలుసుకోవచ్చు.