కిందికి వంగితే ఊపిరి అందడం లేదా? సీటు ముక్కు చూడండి

మీ ట్రాక్ సైకిల్ హ్యాండిల్ పైన పట్టుకుంటే బాగానే ఉంటోందని, కింది వంపు పట్టుకున్న పది నిమిషాలకే ఊపిరి అందడం లేదని అడిగారు. ఇలాగైతే ఎక్కువగా తప్పు కూర్చునే తీరులోనే ఉంటుంది. కింద రెండు రింగులు వేసి హ్యాండిల్ ఎత్తినా తేడా లేదన్నారు. అయితే నా అనుమానం సీటు మీదే.

1. బండిని చదునైన గచ్చు మీద నిలబెట్టండి. కాలవగట్టు మీద కాదు.

2. సీటు మీద గట్టి అట్ట పుస్తకం, దాని మీద రసమట్టం పెట్టండి. ఫోన్‌లోదైనా చాలు.

3. అందరూ వదిలేసేది ఇదే. సీటు ముక్కు పైకి లేచి ఉంటే కటి ముందుకు తిరగదు. వీపు గూనిలా వంగి పొట్ట నలుగుతుంది, డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఉండే, ఊపిరి పీల్చే కండరం) కిందికి దిగడానికి చోటుండదు. మట్టానికి తెచ్చి, ఇంకో 1 లేదా 2 డిగ్రీలు దించండి. అంతకు మించితే బరువంతా అరచేతుల మీద పడుతుంది. బోల్టు బిగించాక మళ్లీ కొలవండి, బిగింపులోనే కదిలిపోతుంది.

4. అప్పటికీ తొడ పొట్టకు తగులుతుంటే 170 మి.మీ. క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) తీసి 165 వేయించండి. సీటు 5 మి.మీ. ఎత్తడం మరవకండి.

ట్రాక్ బండి కదా, చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది, ఆపి ఊపిరి తీసుకునే వీలుండదు. ధవళేశ్వరం బ్యారేజీ మీద ఎదురుగాలిలో పరీక్షించకండి. (ముందు బ్రేకైనా ఉందా దానికి?)

ఆగాక పిల్లికూతలు, దగ్గు వస్తే డాక్టరుకు చూపించండి. ఛాతీ నొప్పయితే తొక్కడం ఆపేసి వెంటనే వెళ్లండి.