మొదటి మోకాలికి ముందు మామయ్య రాసింది

ఒరేయ్ చిన్నా,

వచ్చే బుధవారం నువ్వే సొంతంగా మోకాలు మార్పిడి చేస్తున్నావని నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది, ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో తెలీలేదు, నాకైతే రెండింటిదాకా నిద్ర పట్టలేదు.

షుగరూ, పళ్ళల్లో ఇన్ఫెక్షనూ, యాంటీబయాటిక్ టైమూ, ఇవన్నీ నీకు తెలుసు, వదిలేస్తున్నా. నా భయమల్లా కాలు తిన్నగా రావడం గురించే. తుంటి బంతి మధ్య నుంచి చీలమండ మధ్యకి గీసిన గీత మోకాలి మధ్యలోంచి పోవాలి, 3 డిగ్రీలు అటూ ఇటూ అని మాకు నేర్పారు. సహజంగానే కాస్త దొడ్డికాళ్ళు ఉన్నవాళ్ళకి కొంచెం వంపు ఉంచేద్దాం అని ఇప్పుడు కొత్తగా అంటున్నారు, కొట్టిపారెయ్యను, బెల్జియంలో బెల్లెమన్స్ అనే సర్జన్ వాళ్ళు 2012లో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళలోనే దాదాపు మూడోవంతు మందికి అలా ఉందని చూపించారు. కానీ మొదటి పదిమందికీ నువ్వు ప్రయోగాలు చెయ్యకు, చేస్తే తంతాను.

నేను చేసిన వెధవపని చెప్తా విను. 1999లో ఇడ్లీ కొట్టు నడిపే పెద్దావిడ వచ్చింది, రెండు మోకాళ్ళూ అరిగిపోయి. నేను మోకాలి వరకే చిన్న ఎక్స్‌రే ఫిల్మ్ తీయించా, పొడుగు ఫిల్మ్‌కి వేరే సెంటర్‌కి పంపాలి, బద్ధకం. ఆవిడ తొడ ఎముక బయటికి విల్లులా వంగి ఉంది, చిన్న ఫిల్మ్‌లో అదెక్కడ కనబడుతుంది? తొడ ఎముక లోపలికి రాడ్ దూర్చి, దానికి కోత ఎంత వాలుగా ఉండాలో కొలవకుండా అందరికీ పెట్టినట్టే 5 డిగ్రీలు పెట్టి కోసేశా, ఆవిడకి 8 కావాల్సింది. టేబుల్ మీద కట్టు కట్టాక కాలు తిన్నగానే కనబడింది, చప్పట్లొకటే తక్కువ. మూడు నెలలకి నిలబెట్టి తీస్తే మోకాలు బయటికి వంగే ఉంది. ఆవిడకి నొప్పి లేదు, సంతోషంగా సున్నుండలు తెచ్చింది, నేను తిన్నా, నోరు మాత్రం విప్పలేదు.

తొమ్మిదేళ్ళకి ఆ పెట్టిన కీలులో లోపలివైపు ప్లాస్టిక్ అరిగి, కింది ప్లేటు కుంగిపోయి వచ్చింది. "నేనే ఎక్కువ తిరిగేశానేమో డాక్టరుగారూ" అంది. నీ తప్పు కాదమ్మా నాదీ అని అప్పుడు చెప్పా, ఎప్పుడో చెప్పాల్సింది. ఇప్పటికీ సున్నుండ నాకు గొంతు దిగదు, మీ అత్తకి కారణం తెలీదు, షుగరనుకుంటుంది.

అందుకే నిలబెట్టి, మోకాలి చిప్ప ఎదురుగా చూసేలా పెట్టి, తుంటి నుంచి పాదం దాకా ఫిల్మ్ తీయించు. చిప్ప పక్కకి తిరిగితే ఆ ఫిల్మ్ అబద్ధం చెప్తుంది. కోత కోణం ఎవరిది వాళ్ళకి కొలుచుకో. కింది కాలి ఎముక కొయ్యడానికి గైడ్ పెట్టేటప్పుడు చీలమండ గుబ్బల మధ్య పాయింట్ పట్టుకోకు, అసలు మధ్య దానికి 3 నుంచి 5 మిల్లీమీటర్లు లోపలికుంటుంది, బయటికి పెడితే కోత వంకర పోతుంది. తుంటి బంతి ఎక్కడుందో సీ-ఆర్మ్ (థియేటర్‌లో ఉండే ఎక్స్‌రే మెషిన్) కింద చూసి ముందే ఈసీజీ స్టిక్కర్ అంటించుకో, కోతలయ్యాక స్టిక్కర్ నుంచి చీలమండకి పొడుగు రాడ్ పెట్టి అది మోకాలి మధ్యలోంచి పోతోందో లేదో చూసుకో. మీ దగ్గర రోబో లేదని బాధపడకు, కళ్ళున్నాయిగా.

నువ్వు చిన్నప్పుడు గాలిపటం తోక వంకరగా ఉందని మూడుసార్లు విప్పి కట్టేవాడివి, మీ నాన్న విసుక్కునేవాడు. అలాగే ఉండరా.

మంగళవారం రాత్రి ఆ ఫిల్మ్ మీద నువ్వు గీసిన గీతలు వాట్సాప్‌లో పెట్టు, ఎంత లేటైనా పర్లేదు, నేనెలాగూ మేలుకునే ఉంటా.

మీ మామయ్య