పుస్తకంలో నేర్చుకున్న మలయాళం మలప్పురంలో పనికొస్తుందా?

ఉద్యోగానికి కేరళలోని మలప్పురం వెళ్తున్నానని, అక్కడి మాప్పిళ ముస్లింల (మలబారు ముస్లింల) మాట అర్థమవుతుందా అని అడిగారు కదా. అవుతుంది. కాకపోతే మొదట్లో నోటికంటే చెవులకే పని ఎక్కువ.

నేను ఆ జిల్లాలోని మంజేరిలో రెండేళ్లున్నాను. దిగిన రోజే ఇంటి ఓనరు గారి ఉమ్మ (అమ్మ) "బెళ్ళం బేణో?" అంది. మా ఊళ్లో ఎండన పడి వచ్చినవాళ్లకు బెల్లం ముక్క పెడతారు, ఇక్కడా అంతే కాబోలని తలూపాను. గ్లాసుతో నీళ్లు తెచ్చింది! పుస్తకంలో 'వెళ్ళం' అంటే నీళ్లు. వాళ్ల నోట చాలా మాటల్లో 'వ' కాస్తా 'బ' అవుతుంది.

ఇక నాలుక మడతేసి పలకాల్సిన 'ఴ' ఉంది చూశారూ, అది 'య' అయిపోతుంది. మఴ (వాన) 'మయ', పఴం (పండు) 'పయం', కోఴి 'కోయి'. మన కోడే లెండి. నోరు తిరగని మనకిది లాభమే. అన్నం తిన్నావా అనడానికి "చోర్ బెయ్‌చ్చో?" అంటారు, పుస్తకంలో వెతక్కండి.

కుర్రాళ్లు ఒకరినొకరు 'ఇజ్జ్' (నువ్వు) అనుకుంటుంటే విని, అదే మాట హోటల్లో ఒక పెద్దాయనతో అనేశాను. అందరూ నవ్వారు. పెద్దవాళ్లను 'ఇంగళ్' అనాలి. నా మొహం చూసి ఆయనే "బేజారావండ" (కంగారు పడకు) అన్నాడు. మనకు బేజారంటే విసుగు, అక్కడ టెన్షన్. ఇంకో రోజు ఓనరు గారు వాళ్ల నాన్న ఖబర్ దగ్గరికి వెళ్తున్నానంటే, ఏం కబురని అడిగాను. ఖబర్ అంటే సమాధి. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

దీన్నే అరబీ మలయాళం అనుకోకండి. అది లిపి. అరబీ అక్షరాలకు మరికొన్ని చేర్చుకుని మలయాళం రాస్తారు. కోఴికోడ్ ఖాజీ ముహమ్మద్ 1607లో రాసిన ముహియిద్దీన్ మాల అనే భక్తి పాట అందులోదే. ఉమ్మ దగ్గర అలాంటి పాటల పుస్తకం ఒకటి, అట్ట ఊడితే దారంతో కుట్టింది, ఉండేది. మామూలు మలయాళం పేపరు కూడబలుక్కుని చదివే మనిషి, అది తెరిస్తే మాత్రం ఆగకుండా రాగం తీసేది.

ఒక్క జాగ్రత్త. సినిమాల్లో ఈ యాసను కామెడీకి వాడేస్తుంటారు. అక్కడ నేర్చుకుని వెళ్లి వాళ్ల ముందు ప్రదర్శించకండి. పైగా వీటిలో కొన్ని మాటలు చుట్టుపక్కల హిందువుల ఇళ్లలోనూ విన్నాను నేను.